జీతాల మీద రాయితీ, లాభం మీద పన్ను



2019 జులై 1న దేశంలోని ఫ్యాక్టరీల జీతాల రిజిస్టర్లలో రెండు అంకెలు మారాయి. కార్మికుల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐ కోసం యజమాని కట్టే వాటా జీతంలో 4.75 శాతం నుంచి 3.25 శాతానికి దిగింది. కార్మికుడి జీతంలోంచి కోసే వాటా 1.75 నుంచి 0.75 శాతానికి తగ్గింది. రెండూ కలిపి ఆరున్నర శాతం ఉన్నది నాలుగు శాతమైంది. 1997 నుంచి అలాగే ఉన్న రేటు, ఇరవై రెండేళ్ళ తర్వాత కదిలింది.

గుంటూరు దగ్గర ఒక నూలు మిల్లు ఉందనుకుందాం. నూరుమంది పనివాళ్ళు, మనిషికి నెలకు 15,000 రూపాయల జీతం. నెల జీతాల బిల్లు 15 లక్షలు. పాత రేటు ప్రకారం మిల్లు నెలనెలా ఈఎస్‌ఐకి కట్టింది 71,250 రూపాయలు. కొత్త రేటుతో కట్టాల్సింది 48,750. నెలకు 22,500 చొప్పున ఏడాదికి 2,70,000 రూపాయలు మిగిలాయి. చిన్న మిల్లుకు అది చిన్న మొత్తమేమీ కాదు. కానీ మార్చి దాటి, ఆడిటర్ లాభనష్టాల ఖాతా తయారుచేసి చూపించేసరికి ఆ మిగులులోంచి 68,000 రూపాయల దాకా ఆదాయపు పన్నుకు పోతుంది. ఈఎస్‌ఐ రాయితీ మీద పన్ను వేస్తున్నామని ఎవరూ ప్రకటించలేదు. ఆదాయపు పన్ను రేటు పెరగనూ లేదు. అయినా డబ్బు వెళ్ళింది.

ఎలా వెళ్ళిందో తెలియాలంటే పన్ను ఎక్కడ పడుతుందో చూడాలి. వ్యాపారికి ఆదాయపు పన్ను పడేది అమ్మకాల మీద కాదు, ఖర్చులు పోగా మిగిలిన లాభం మీద. పత్తి కొన్న డబ్బు ఖర్చు, కరెంటు బిల్లు ఖర్చు, జీతాలు ఖర్చు. జీతాల మీద యజమాని తన వంతుగా కట్టే పీఎఫ్ వాటా, ఈఎస్‌ఐ వాటా కూడా ఖర్చే. ఖర్చుగా రాసుకున్న ప్రతి వంద రూపాయలకూ లాభం వంద తగ్గుతుంది, ఆ వంద మీద పడాల్సిన పన్ను తప్పుతుంది. పన్ను రేటు నాలుగో వంతు అనుకుంటే, ఈఎస్‌ఐకి కట్టిన వంద రూపాయల్లో యజమాని జేబులోంచి నిజంగా పోయింది 75 రూపాయలే. మిగతా 25 రూపాయలు పన్ను తగ్గడం వల్ల అతనికి కలిసివచ్చాయి. ఇప్పుడు ఆ వంద కట్టనక్కర్లేదని ప్రభుత్వం అంటే అతనికి దక్కే మేలు కూడా ఆ 75 రూపాయలే. ఖర్చు తగ్గింది కనుక లాభం పెరిగింది, పెరిగిన లాభం మీద పన్ను పడింది. కష్టమైన లెక్క ఏమీ కాదు. కాకపోతే రాయితీ ప్రకటించే రోజున ఈ రెండో సగం ఎవరూ చెప్పరు. చెప్పితీరాలి, ఎందుకంటే చిన్న యజమాని మొదటి అంకెను నమ్ముకుని కొత్త మనిషిని పనిలోకి తీసుకుంటాడు.

ఎంత తిరిగి వెళ్తుందన్నది సంస్థ స్వరూపాన్ని బట్టి మారుతుంది. ఈఎస్‌ఐ రేటు తగ్గిన ఏడాదే సెప్టెంబరు 20న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కంపెనీలకు 22 శాతం పన్ను రేటు ప్రకటించారు. దాని మీద పది శాతం సర్‌ఛార్జి, ఆపైన నాలుగు శాతం సెస్సు కలిపితే 25.168 శాతం. ఇతర రాయితీలు చాలావరకు వదులుకున్న కంపెనీకి ఆ రేటు. మన మిల్లు అలాంటి కంపెనీ అయితే 2,70,000 లో 67,954 పన్నుకు పోయి 2,02,046 చేతిలో ఉంటుంది. అదే మిల్లు పార్ట్‌నర్‌షిప్ సంస్థ అయితే లెక్క మారిపోతుంది. వాటికి 30 శాతం పన్ను, దానిమీద సెస్సు, వెరసి 31.2 శాతం. పన్ను 84,240, మిగిలేది 1,85,760. గోదావరి జిల్లాల రైసు మిల్లులు, ఖమ్మం, ఆదిలాబాద్ వైపు జిన్నింగు మిల్లులు అన్నదమ్ములో బావాబావమరుదులో కలిసి పార్ట్‌నర్‌షిప్ కింద నడుపుతున్నవి ఎన్నో ఉన్నాయి. రాయితీ ఒకటే, కార్మికుల సంఖ్య ఒకటే, జీతం ఒకటే. కాగితం మీద సంస్థ పేరు చివర ఏముందన్న దాన్ని బట్టి పదహారు వేల పైచిలుకు తేడా వస్తోంది.

నష్టాల్లో ఉన్న మిల్లు సంగతి వేరు. దానికి ఆ ఏడాది పన్నే లేదు కనుక 2,70,000 పూర్తిగా చేతికి వస్తుంది. అయితే దాని నష్టం కూడా అంతమేరకు తగ్గుతుంది. వ్యాపార నష్టాన్ని ఎనిమిదేళ్ళ వరకు ముందుకు తీసుకెళ్ళి, తర్వాత వచ్చే లాభాల్లోంచి తీసివేసుకోవచ్చు. ఇప్పుడు నష్టం తగ్గితే రేపు తీసివేసుకునేదీ తగ్గుతుంది. మిల్లు కోలుకుని లాభాల్లోకి వస్తే ఆ పన్ను అప్పుడు పడుతుంది. కోలుకోకపోతే ఎప్పటికీ పడదు. కష్టకాలంలో ఉన్నవాడికి పూర్తి సాయం, నిలదొక్కుకున్నవాడికి ముప్పాతిక సాయం అందే పద్ధతి ఇది. ఎవరూ కావాలని చేసిన ఏర్పాటు కాకపోయినా న్యాయంగానే ఉంది.

ఇంకో విషయం మాత్రం అంత తేలిగ్గా వదిలేయదగ్గది కాదు. ఈఎస్‌ఐ నిధి వేరు, కేంద్ర ప్రభుత్వ ఖజానా వేరు. కార్మికుడూ యజమానీ కట్టే చందాలతోనే ఈఎస్‌ఐ ప్రధానంగా నడుస్తుంది. హైదరాబాద్ సనత్‌నగర్‌లోని ఈఎస్‌ఐ వైద్య కళాశాల ఆసుపత్రి లాంటివి ఆ డబ్బుతో నిలబడ్డవే. యజమాని వాటా ఒకటిన్నర శాతం తగ్గినప్పుడు ఆ డబ్బు ఈఎస్‌ఐ నిధికి రాకుండా పోయింది. లాభాల్లో ఉన్న సంస్థల విషయంలో అందులో దాదాపు నాలుగో వంతు ఆదాయపు పన్నుగా మారి ఖజానాకు చేరింది. అంటే కార్మికుల వైద్యానికి వెళ్ళాల్సిన డబ్బులో కొంత యజమాని దగ్గర ఆగింది, కొంత సాధారణ పన్నుల్లో కలిసింది. కార్మికుడికి తన వాటా తగ్గినందుకు 15,000 జీతం మీద నెలకు 150 రూపాయలు మిగిలాయి. రేటు తగ్గించడం తప్పా ఒప్పా అనే చర్చ జరిగిన ప్రతిచోటా ఈ లెక్క కూడా బల్లమీద ఉండాలి. లాభం మీద పన్ను వల్ల ప్రభుత్వానికి తిరిగి వచ్చిన భాగం, తగ్గిన నిధికి తిరిగి రాలేదు.

ఆ మరుసటి ఏడాదే కోవిడ్ వచ్చింది. 2020 మార్చిలో కేంద్రం, వందమంది లోపు ఉద్యోగులుండి అందులో తొంభై శాతం మంది జీతం 15,000 లోపు ఉన్న సంస్థలకు పీఎఫ్ వాటాలు రెండూ తానే కడతానంది. యజమానిది 12 శాతం, ఉద్యోగిది 12 శాతం, మొత్తం 24. మొదట మూడు నెలలన్నారు, తర్వాత ఆగస్టు దాకా పొడిగించారు. ఆ వేసవిలో మే, జూన్, జులై నెలలకు మిగతా సంస్థలకు పీఎఫ్ రేటును 12 నుంచి 10 శాతానికి తగ్గించారు. ఆ తర్వాత వచ్చింది ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన. 2020 అక్టోబరు 1 తర్వాత కొత్తగా పనిలో చేరినవాళ్ళకు, లేదా లాక్‌డౌన్‌లో పని పోయి మళ్ళీ చేరినవాళ్ళకు, జీతం 15,000 లోపు ఉంటే రెండేళ్ళపాటు ఆ 24 శాతం ప్రభుత్వమే కట్టింది. సంస్థలో వెయ్యిమంది దాటితే ఉద్యోగి వాటా 12 శాతం మాత్రమే. 2022 మార్చి 31 దాకా పేర్లు నమోదు చేసుకున్నారు. సుమారు 60 లక్షల మంది కార్మికులకు ఈ పథకం అందింది.

ఇక్కడ డబ్బు యజమాని చేతికి రాలేదు. నెలవారీ పీఎఫ్ లెక్క ఆన్‌లైన్‌లో పంపితే, ప్రభుత్వ వాటా నేరుగా ఉద్యోగి పీఎఫ్ ఖాతాలో జమ అయింది. చేతికి డబ్బు రాలేదు కదా, ఇంకా లాభం ఎక్కడిది అని అడగవచ్చు. 14,000 జీతం మీద యజమాని వాటా 1,680. అతను అది కట్టలేదు కనుక ఖర్చుగా రాసుకోలేడు. కొందరు అకౌంటెంట్లు వాటాను ఖర్చులో చూపి, ప్రభుత్వం కట్టినదాన్ని ఆదాయంలో చూపుతారు. ఇంకొందరు రెండింటినీ రాయకుండా వదిలేస్తారు. ఏ దారిన వెళ్ళినా ఆఖరి లాభం ఒక్కటే. ఖర్చు రాసి, ఆదాయం రాయడం మరిచిపోతే మాత్రం అది తప్పుడు లెక్క. పీఎఫ్ చలానాలూ ఖాతా పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసే అధికారికి అది దొరక్కుండా ఉండదు.

1,680 చొప్పున 24 నెలలకు 40,320 రూపాయలు. 25.168 శాతం పన్ను పోతే ఒక్కో కొత్త కార్మికుడి మీద కంపెనీకి నికరంగా మిగిలింది 30,172.

ఇదే సమయంలో ఆదాయపు పన్ను చట్టంలో ఇంకో వరం ఉంది. 1961 నాటి చట్టంలో 80 జెజెఎఎ అనే సెక్షన్. మొదట్లో ఫ్యాక్టరీ కార్మికులకే పరిమితమైన ఈ సెక్షన్‌ను 2016లో తిరగరాసి ఆడిట్ ఉన్న వ్యాపారాలన్నిటికీ తెరిచారు. కొత్తగా ఉద్యోగులను పెంచుకున్న సంస్థ, వాళ్ళ జీతాన్ని మామూలుగా ఖర్చు రాసుకున్నాక, అదే జీతంలో మరో 30 శాతాన్ని లాభంలోంచి తీసివేసుకోవచ్చు. ఒక ఏడాది కాదు, మూడేళ్ళు. మొత్తం కలిపితే మొదటి ఏడాది జీతంలో తొంభై శాతం అదనంగా తీసివేసుకున్నట్టు. నెల జీతం 25,000 దాటకూడదు, ఉద్యోగి పీఎఫ్‌లో ఉండాలి, జీతం బ్యాంకు ద్వారా వెళ్ళాలి, ఏడాదిలో 240 రోజులు పని చేసి ఉండాలి. దుస్తులు, చెప్పులు, తోలు వస్తువుల తయారీకి 150 రోజులు చాలు. పైన చెప్పిన 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీ కూడా దీన్ని వాడుకోవచ్చు, అది వదులుకోవాల్సిన రాయితీల్లో ఇది లేదు. ఇంత పనికొచ్చే సెక్షన్ అయినా, జీతం రిజిస్టరు, పీఎఫ్ రికార్డు, పని రోజుల లెక్క ఒకచోట చేర్చి చార్టర్డ్ అకౌంటెంటు రిపోర్టు జతచేయాలి కనుక చిన్న సంస్థల్లో దీని ఊసే తక్కువ. ఆ కాగితాల పని నిజంగా పెద్దదే. అయినా ఈ మేలును చేజార్చుకోవడం చిన్న యజమానికి నష్టం.

అసలు మెలిక ఇంకోచోట ఉంది. ఎవరి పెన్షన్ స్కీము వాటా మొత్తాన్ని ప్రభుత్వమే కడుతుందో ఆ ఉద్యోగి 80 జెజెఎఎ లెక్కలోకి రాడని ఆ సెక్షన్‌లోనే ఒక చిన్న మినహాయింపు రాసి ఉంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి రోజ్‌గార్ ప్రోత్సాహన్ యోజన సరిగ్గా ఆ వాటానే కట్టింది. యజమాని పీఎఫ్‌లో పెన్షన్‌కు వెళ్ళే 8.33 శాతాన్ని ప్రభుత్వం భరించడమే ఆ పథకం మొదటి రూపం. ఆత్మనిర్భర్ పథకం కట్టిన 24 శాతంలోనూ ఆ 8.33 కలిసే ఉంది. ఒకే ఉద్యోగి మీద రెండు వైపులా మేలు పొందకుండా వేసిన గొళ్ళెం అది.

అప్పుడు యజమాని ముందు ఒక ఎంపిక ఉండేది. 14,000 జీతం ఉన్న కొత్త కార్మికుడి మీద ప్రభుత్వ పీఎఫ్ సాయం తీసుకుంటే రెండేళ్ళలో నికరంగా 30,172 అని చూశాం. తీసుకోకుండా 80 జెజెఎఎ ఎంచుకుంటే ఏడాది జీతం 1,68,000 లో 30 శాతం, అంటే 50,400 లాభంలోంచి తగ్గుతుంది. పన్ను ఆదా ఏడాదికి 12,685. మూడేళ్ళకు 38,054. దండిగా లాభాలున్న కంపెనీకి రెండో దారిలోనే ఎక్కువ మిగులుతుంది. అలాగని అదే సరైన దారి అనడానికి లేదు. పథకంలో చేరితే కార్మికుడి వాటా 1,680 కూడా ప్రభుత్వం కట్టేది, జీతంలోంచి ఆ కోత పడదు కనుక ఆ డబ్బు ప్రతి నెలా అతని చేతికి వచ్చేది. లాభాల లెక్కతో యజమాని పథకాన్ని పక్కన పెడితే నష్టపోయేది నెలకు 14,000 తెచ్చుకునే మనిషి. లాభనష్టాల ఖాతాలో ఈ నష్టానికి చోటు లేదు. అందుకే దీన్ని ఆడిటర్ గదిలో మాత్రమే తేల్చకూడదు.

నష్టాల్లో ఉన్న సంస్థకు ఈ ఎంపికే లేదు. లాభం లేని చోట 30 శాతం అదనపు తగ్గింపు దేంట్లోంచి తీస్తారు? మిగిలిపోయిన దాన్ని వచ్చే ఏడాదికి తీసుకెళ్ళే వీలూ లేదు. హైదరాబాద్ మాదాపూర్‌లో పాతికమందిని కొత్తగా తీసుకుని, మొదటి మూడేళ్ళు నష్టాల్లో నడిచే స్టార్టప్‌కు ఆ సెక్షన్ వల్ల దక్కేది సున్నా. లాభం ద్వారా ఇచ్చే సాయం లాభమున్నవాళ్ళకే చేరుతుంది. జీతం బిల్లు దగ్గరే ఇచ్చే సాయం అందరికీ చేరుతుంది. ఉద్యోగాలు పెంచాలనుకునే ప్రభుత్వం ఈ రెండింటిలో ఏది వాడుతోందన్నది చాలా పెద్ద ప్రశ్న.

2025లో కేంద్రం మూడో దారి పట్టింది. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన, కేటాయింపు 99,446 కోట్లు. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య వచ్చే కొత్త ఉద్యోగాలకు ఇది వర్తిస్తుంది. ఇందులో ప్రభుత్వం పీఎఫ్ వాటా కట్టదు. వాటా యజమానే కడతాడు, ఖర్చుగా రాసుకుంటాడు. బదులుగా అదనంగా తీసుకున్న ప్రతి ఉద్యోగికీ నెలకు ఇంత అని డబ్బు ఇస్తుంది. పీఎఫ్ జీతం 10,000 దాటి 20,000 లోపు ఉంటే 2,000 రూపాయలు, 20,000 దాటి లక్ష లోపు ఉంటే 3,000. పదివేల లోపు జీతానికి వెయ్యి దాకా. రెండేళ్ళు ఇస్తారు, తయారీ రంగానికి నాలుగేళ్ళు. యాభైమంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని, యాభై లేదా అంతకు మించి ఉన్నది కనీసం అయిదుగురిని అదనంగా తీసుకుని, ఆరు నెలలు నిలుపుకోవాలి. డబ్బు పాన్ నంబరుకు కలిపిన బ్యాంకు ఖాతాలో పడుతుంది.

పాన్‌కు కలిపిన ఖాతాలో పడే డబ్బు ఆదాయపు పన్ను లెక్క నుంచి తప్పిపోదు. ప్రభుత్వం సబ్సిడీగానో, గ్రాంటుగానో, నగదు ప్రోత్సాహకంగానో ఇచ్చేది ఆదాయమేనని 2015 ఫైనాన్స్ చట్టం తేల్చి చెప్పింది. యంత్రం, భవనం లాంటి ఆస్తి ధరలోంచి తగ్గించుకునే సబ్సిడీకి మినహాయింపు ఉంది. ఉద్యోగిని నిలుపుకున్నందుకు ఇచ్చే డబ్బు ఏ ఆస్తి ధరలోనూ ఇమడదు.

అంతకు ముందు ఈ విషయం మీద కోర్టుల్లో చాలా వాదనలు నడిచాయి. వాటిలో పేరున్నది మన హైదరాబాద్ కేసే. 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త పరిశ్రమలకు అమ్మకపు పన్ను వాపసు, కరెంటు మీద సబ్సిడీ లాంటి వసతులు ప్రకటించింది. ఉత్పత్తి మొదలైన నాటి నుంచి అయిదేళ్ళ వరకు అవి అందుతాయంది. హైదరాబాద్‌కు చెందిన సాహ్నీ స్టీల్ అండ్ ప్రెస్ వర్క్స్ ఆ డబ్బు పెట్టుబడి కింద వచ్చింది కనుక పన్ను పడదని వాదించింది. 1997లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీ కట్టడానికి ఇచ్చిన సాయం కాదు, నడుస్తున్న వ్యాపారాన్ని లాభంగా నడుపుకోవడానికి ఇచ్చిన సాయం కనుక అది వ్యాపార ఆదాయమేనంది. నెలనెలా ఉద్యోగి పేరు మీద లెక్కగట్టి ఇచ్చే నేటి ప్రోత్సాహకం ఆ తర్కానికి ఇంకా దగ్గరగా ఉంది.

సంగారెడ్డి జిల్లాలో మందుల ప్యాకింగు చేసే ఒక కంపెనీ 18,000 జీతం మీద పదిమందిని అదనంగా తీసుకుందనుకుందాం. ఏడాదికి ప్రోత్సాహకం 2,40,000. పన్ను 60,403, మిగిలేది 1,79,597. తయారీ రంగం కనుక నాలుగేళ్ళు ఇదే వరస. ఆ పదిమందీ 25,000 లోపు వాళ్ళే, పీఎఫ్ వాటా కంపెనీయే కడుతోంది కనుక పాత గొళ్ళెం ఇక్కడ అడ్డు రాదు. షరతులన్నీ కుదిరితే మూడేళ్ళపాటు ఏడాదికి 21,60,000 జీతంలో 30 శాతం, అంటే 6,48,000 తగ్గింపు కూడా లెక్కలోకి తెచ్చుకోవచ్చు. దానివల్ల తగ్గే పన్ను ఏడాదికి 1,63,089. ప్రోత్సాహకం మీద పడ్డ పన్ను కంటే అది ఎక్కువ. ఒక రాయితీ లాభాన్ని పెంచుతుంటే ఇంకోటి దించుతోంది. రెండింటినీ విడివిడిగా చూసే యజమానికి ఈ మొత్తం చిత్రం కనబడదు.

బ్రిటన్‌లో ఇదే లెక్క మరింత తేటగా కనిపిస్తుంది. అక్కడ యజమాని కట్టేది నేషనల్ ఇన్సూరెన్స్. 2024 అక్టోబరు 30 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ యజమాని రేటును 13.8 శాతం నుంచి 15 శాతానికి పెంచారు. ఉద్యోగి ఏడాది జీతంలో 9,100 పౌండ్లు దాటాక మొదలయ్యే వడ్డనను 5,000 దగ్గరే మొదలుపెట్టారు. చిన్న యజమానులు దెబ్బతినకుండా ఎంప్లాయ్‌మెంట్ అలవెన్స్‌ను 5,000 నుంచి 10,500 పౌండ్లకు పెంచారు. ఏడాదికి కట్టాల్సిన మొత్తంలోంచి అంతవరకు కట్టనక్కర్లేదన్నమాట. 2025 ఏప్రిల్ 6 నుంచి ఇవి అమల్లోకి వచ్చాయి. 2014లో ఈ అలవెన్స్ మొదలైనప్పుడు అది 2,000 పౌండ్లే.

24,000 పౌండ్ల జీతం మీద నలుగురు పనిచేసే ఒక రెస్టారెంటును తీసుకుందాం. పాత పద్ధతిలో అలవెన్స్ పోగా 3,225 పౌండ్లు కట్టేది. కొత్త పద్ధతిలో 900. ఖర్చు 2,325 తగ్గింది, లాభం అంతే పెరిగింది. లాభం 50,000 పౌండ్ల లోపు ఉన్న కంపెనీకి 19 శాతం పన్ను కనుక అందులో 442 వెనక్కి పోతాయి. లాభం 50,000 దాటి 2,50,000 లోపు ఉంటే, మెట్లు ఎక్కే ఆ భాగంలో అదనపు ప్రతి పౌండు మీదా పడేది 26.5 శాతం. అప్పుడు 616 పోతాయి. అదే జీతం మీద ఇరవైమంది ఉంటే కథ తిరగబడుతుంది. అలవెన్స్ పోయాక కూడా 10,376 పౌండ్లు అదనంగా కట్టాలి, ఆ మేరకు లాభం తగ్గి కంపెనీ పన్నూ తగ్గుతుంది. అక్కడా నియమం ఒకటే, అలవెన్స్ వల్ల కట్టకుండా వదిలిన మొత్తాన్ని ఖర్చుగా చూపకూడదు. ఐటీ కాంట్రాక్టు పనుల కోసం తానొక్కడే డైరెక్టరుగా, తానొక్కడే ఉద్యోగిగా కంపెనీ పెట్టుకున్నవాళ్ళకు మాత్రం ఈ అలవెన్స్ 2016 ఏప్రిల్ నుంచే లేదు. అలా పనిచేసే తెలుగువాళ్ళు అలవెన్స్ పెరిగిన వార్త విని తమకూ వస్తుందనుకుంటే పొరపాటే. వాళ్ళకు దక్కింది పెరిగిన భారం ఒక్కటే.

లాభం ఏ ఏడాదిది అన్న ప్రశ్న ఎంత ఇబ్బంది పెడుతుందో అమెరికాలో చూశారు. కోవిడ్‌లో ఉద్యోగులను తీసేయకుండా నిలుపుకున్న యజమానులకు జీతాల పన్నులో క్రెడిట్ ఇచ్చారు. 2020లో మనిషికి 5,000 డాలర్ల దాకా, 2021 మొదటి మూడు త్రైమాసికాల్లో ఒక్కోదానికి 7,000 దాకా. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో చిన్న హోటలు, కన్సల్టెన్సీ నడిపే తెలుగువాళ్ళకూ ఇది తెలిసిన సంగతే. చాలామంది ఆలస్యంగా దరఖాస్తు పెట్టారు, డబ్బు 2022లోనూ 2023లోనూ వచ్చింది. నియమం మాత్రం వేరే మాట చెప్పింది. క్రెడిట్ ఎంతో అంతమేరకు జీతాల ఖర్చును, ఆ జీతాలు ఇచ్చిన ఏడాది లెక్కలోనే తగ్గించాలి. అంటే చేతికి డబ్బు రాకముందే, ఎప్పుడో దాఖలు చేసిన రిటర్నులు మళ్ళీ తెరిచి, పెరిగిన లాభం మీద పన్నూ వడ్డీ కట్టాలి. పదిమంది ఉద్యోగులకు 2021లో పూర్తి క్రెడిట్ వస్తే 2,10,000 డాలర్లు. కార్పొరేషన్‌కు 21 శాతం చొప్పున దాని మీద పన్ను 44,100. రిటర్నులు సవరించనివాళ్ళు ఎక్కువయ్యాక, 2025 మార్చిలో అక్కడి పన్నుల శాఖ మెత్తబడింది. డబ్బు వచ్చిన ఏడాది ఆదాయంలో చూపినా సరేనంది. ఆ మాట నాలుగేళ్ళ ముందే చెప్పి ఉంటే ఎంతోమందికి వడ్డీలు తప్పేవి.

మన దగ్గర కొత్త పథకం డబ్బు విషయంలోనూ ఆ జాగ్రత్త అవసరం. ఉద్యోగిని తీసుకున్న నెలకూ డబ్బు ఖాతాలో పడే రోజుకూ మధ్య కనీసం ఆరు నెలల ఎడం ఉంది. 2025 డిసెంబరులో చేరిన మనిషి ఆరు నెలలు నిలబడేసరికి ఆర్థిక సంవత్సరం మారిపోతుంది. జీతం ఖర్చు ఒక ఏడాదిలో, ప్రోత్సాహకం ఇంకో ఏడాదిలో కనబడవచ్చు. డబ్బు చేతికి వచ్చాక మాత్రం దాన్ని ఆదాయంగా చూపడం వాయిదా వేయడానికి లేదు. దీని మధ్యలోనే 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి.

ముందస్తు పన్ను మాత్రం తేదీల ప్రకారం కట్టాల్సిందే. జూన్ 15కి పదిహేను శాతం, సెప్టెంబరు 15కి నలభై అయిదు, డిసెంబరు 15కి డెబ్బై అయిదు, మార్చి 15కి నూటికి నూరు. ప్రోత్సాహకం జనవరిలో ఖాతాలో పడితే దాని మీద పన్ను మార్చి 15 లోపు కట్టాలి, ఆలస్యమైతే నెలకు ఒక శాతం వడ్డీ. సంగారెడ్డి కంపెనీ తన 2,40,000 వచ్చిన రోజే 60,000 పక్కన పెట్టి, మిగతా దాన్నే జీతాలకు వాడుకుంటే ఆ మార్చిలో అప్పు కోసం ఎవరి దగ్గరికీ వెళ్ళనక్కర్లేదు. నిలుపుకున్న పదిమందికీ ఏప్రిల్ ఒకటిన జీతాలు సమయానికి పడతాయి.